జాబితాలో నాలుగో పేరు

మధ్యాహ్నం రెండున్నర దాటిందంటే చాలు, ఆ ఇంట్లో టీవీకి గుడ్లు తేలేసే జబ్బు పట్టుకునేది. అప్పటిదాకా బుద్ధిగా నడుస్తున్న సీరియల్ ఉన్నట్టుండి ఆగిపోయేది. అందులో అత్తగారు కోడలి చెంప ఛెళ్లుమనిపించబోయి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నిలబడిపోయేది. తెర మధ్యలో తెల్లటి సున్నా ఒకటి గిరగిరా తిరుగుతూ ఉండేది. కుట్టుమిషను ముందు కూర్చున్న ఆ ఇంటి కోడలు పాదం ఆపి, "కొడితే కొట్టు తల్లీ, లేకపోతే ఆ చెయ్యి దించు" అని విసుక్కునేది.

ఆమె ఇంట్లో కూర్చుని కర్టెన్లు కుడుతుంది. దుకాణం వాళ్లు బట్ట చుట్టలు తెచ్చి పడేస్తారు. వాటిని కొలిచి, కత్తిరించి, అంచు మడిచి, పైన రింగులు తగిలించి ఇవ్వాలి. మీటర్ల కొద్దీ ఒకే కుట్టు కాబట్టి చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. చెవులకే ఏదో ఒక కాలక్షేపం కావాలి. రోజు మొత్తమ్మీద ఆమెకు దక్కేవి ఆ రెండు గంటలే. మిగతా పొద్దంతా వంటకూ, ఇంటికీ, వెనక గదిలో మంచం మీద ఉన్న పెద్దాయనకూ సరిపోయేది.

పెద్దాయన ఆమెకు మామగారు. ముప్ఫై నాలుగేళ్లు టెలిఫోన్ ఆఫీసులో లైన్‌మన్‌గా చేశాడు. ఎండనకా వాననకా స్తంభాలెక్కి తెగిన తీగలు అతికిన మనిషి. నడుస్తున్న దారిలో ఎక్కడైనా తీగ వేలాడుతూ కనిపిస్తే, అది ఎవరిదైనా సరే, ఆగి పైకి కట్టిగానీ కదిలేవాడు కాదు. రెండేళ్ల క్రితం ఒకరోజు పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. పెద్ద డాక్టరు కాగితాలు తిరగేసి, మంచం వైపు చూడకుండానే కొడుకుతో చెప్పాడు: "మాట రాదు. మనం చెప్పేది అర్థమవుతుందని కూడా ఆశ పెట్టుకోకండి. ఎడమ చెయ్యి అప్పుడప్పుడూ కదులుతుంది, అది కండరం దానంతటదే కదలడం. అంతే."

డాక్టరంతటివాడు చెప్పాక ఇంక కాదనేదెవరు? ఆ రోజునుంచి ఆయన ఆ ఇంట్లో ఉన్నాడు, లేడు కూడా. వేళకు తినిపించేవారు, వేళకు పక్క మార్చేవారు. పొద్దున్నే కొడుకు ఒళ్లు తుడిచి డెలివరీ వ్యాను తోలుకుంటూ వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత కోడలి వంతు.

నోరు ఊరుకోని మనిషి ఆమె. జావ తాగిస్తూ, దుప్పటి మారుస్తూ ఆ గదిలో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. గోడతో మాట్లాడేకంటే నయం అనుకునేది. ఏడాదికోసారి తొంగిచూసి మందుల చీటీలు తనిఖీ చేసి పోయే ఆడపడుచును అచ్చం అదే గొంతుతో వెక్కిరించేది. మొగుడు గురక పెట్టే తీరు చేసి చూపించేది. కోపం వస్తే కోపం, ఏడుపొస్తే ఏడుపు, అన్నీ అక్కడే. ఒకసారి నడుం పట్టేసి, పక్క రెండోసారి తడిసిన రోజున, మంచం పట్టె పట్టుకుని అనేసింది: "మామయ్యా, ముందే చెప్తున్నా. మీరు పోతే నేను ఏడవను. ఒక్క చుక్క కూడా కార్చను."

సరే, టీవీ సంగతి. ఓటమి ఒప్పుకునే రకం కాదు ఆమె. రూటర్ స్విచ్చి తీసి వేసింది. టీవీ తీసి వేసింది. రూటర్ వెనక సన్నటి కన్నంలో సూది గుచ్చి పట్టుకుని అన్నీ మొదటికి తెచ్చి చూసింది. ఒకరోజు బాగుంటుంది, మర్నాడు రెండున్నరకు మళ్లీ సున్నా తిరుగుడే. కంపెనీకి ఫోన్ చేస్తే అరగంట పాట వినిపించి, చివరికి ఒకమ్మాయి పలికింది.

"మేడమ్, రూటర్ మీద ఎన్ని లైట్లు వెలుగుతున్నాయి?"

"నాలుగూ పచ్చగా నవ్వుతున్నాయమ్మా. ఏడుస్తున్నది నేనే."

మనిషిని పంపిస్తామన్నారు. నాలుగు రోజులకు వచ్చాడు. నడివయసువాడు, మెడలో తాడుకు కళ్లజోడు వేలాడుతోంది. వెనక గది తలుపు పక్కన, నడవ గోడకున్న రూటర్‌ను చూసి, "ఇక్కడ పెట్టిందెవరండీ? టీవీ ఏమో హాల్లో ఆ చివరన ఉంది" అన్నాడు.

"మా మామయ్య. ఒంట్లో బాగున్నప్పుడు ఆయనే బిగించారు. టీవీ అప్పట్లో ఈ పక్కనే ఉండేది."

అతను ఆమె ఫోన్‌లోనే ఏదో పేజీ తెరిచాడు. రూటర్‌ను ఎవరెవరు వాడుతున్నారో ఆ జాబితా. "ఇది మీ టీవీ. ఇది మీ ఫోను. ఇది సార్ ఫోను, ఇప్పుడు ఇంట్లో లేదు కాబట్టి మసకగా ఉంది. ఈ నాలుగోది ఏంటి? ఏదో ట్యాబ్లెట్. దండిగా లాగుతోంది. టీవీకి అసలే అంతంత మాత్రం సిగ్నల్, అందులోంచి ఇది సగం తినేస్తే ఆగక ఏం చేస్తుంది?"

"మా ఇంట్లో ట్యాబ్లెట్లంటే మా మామయ్య బీపీ ట్యాబ్లెట్లేనండీ. అవి సీరియళ్లు చూడవు."

అతను నవ్వలేదు. "అయితే ఎవరో మీ పాస్‌వర్డ్ వాడుకుంటున్నారు."

ఆమె కళ్లు చటుక్కున పై కప్పు మీదికి పోయాయి. పై ఇంట్లో టీచరమ్మ ఒక్కతే ఉంటుంది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చేస్తుంది. ఆమె చేతిలో పలకలాంటిది ఒకటి చూసిన గుర్తు కూడా ఉంది. ఇంకేం కావాలి? కనెక్షనతను పాస్‌వర్డ్ మార్చి అటు వెళ్లీ వెళ్లకముందే ఈమె మెట్లెక్కింది.

"టీచరమ్మగారూ, నెట్ కావాలంటే అడిగితే ఇస్తాను కదా. దొంగచాటుగా ఎందుకు?"

టీచరమ్మ ముఖం ఎర్రబడింది. "పదహారేళ్లు పిల్లలకు దొంగతనం తప్పని చెప్పినదాన్ని. నన్ను పట్టుకుని..." అని మాట పూర్తి చేయకుండా తలుపేసుకుంది.

కిందికొచ్చి, పెద్దాయనకు జావ తాగిస్తూ మొగుడికి ఫోన్ చేసి కొత్త పాస్‌వర్డ్ చెప్పింది. "పరదా అని ఇంగ్లీషులో కొట్టండి, అన్నీ చిన్నక్షరాలే. తర్వాత నాలుగు తొమ్మిదులు. ఆఁ, నాలుగు!" అని చెవిటివాడికి చెప్పినట్టు రెండుసార్లు అరిచింది.

ఆ మధ్యాహ్నం టీవీ నున్నగా నడిచింది. మర్నాడూ అంతే, మూడోనాడూ అంతే. టీచరమ్మను కడిగేసినందుకు లోపల ఎక్కడో గుచ్చుకుంటున్నా, 'చూశావా మరి' అనుకుంది. ఆ మూడు రోజులూ పెద్దాయనే సరిగా లేడు. చెంచా నోటి దగ్గరికి తెస్తే ముఖం తిప్పేసుకున్నాడు. ఎడమ చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ కొట్టుకుంది. ఒకసారి గిన్నె తగిలి జావ ఒలికిపోయింది. "ఏమయింది మామయ్యా ఈ కండరానికి?" అంటూ ఆమె చేతిని పట్టుకుని దుప్పట్లోకి తోసి చుట్టూ బిగించింది.

నాలుగో రోజు రెండు ముప్పావుకు టీవీ ఆగిపోయింది.

ఆమె ఫోన్‌లో ఆ పేజీ తెరిచింది. జాబితాలో నాలుగో పేరు మళ్లీ వచ్చి కూర్చుంది. కొత్త పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే. టీచరమ్మకు తెలిసే దారే లేదు.

కనెక్షనతనికి ఫోన్ చేసింది. ఆ పేరు మీద నొక్కితే పక్కన ఒక అంకె వస్తుంది, చదవమన్నాడు. చదివింది.

అతను ఇంకోసారి చదివించుకున్నాడు. తర్వాత అన్నాడు: "అమ్మా, మీ టీవీ కంటే దీనికే సిగ్నల్ గట్టిగా ఉంది. పై ఇంట్లో ఉంటే ఇంత రాదు. అది మీ ఇంట్లోనే ఉంది. రూటర్‌కి నాలుగడుగుల్లో."

ఇంట్లో ఎవరో ఉన్నారా? ఎవరైనా కెమెరా లాంటిది దాచి పెట్టారా? కర్టెన్లు కత్తిరించే పెద్ద కత్తెర చేతిలోకి తీసుకుని, చెప్పులు విడిచి, అడుగు చప్పుడు కాకుండా నడవలోకి వచ్చింది. రూటర్ దగ్గర ఎవరూ లేరు. అటు గోడ, ఇటు గోడ. పక్కన ఓరగా వేసిన వెనక గది తలుపు.

తలుపు వేలితో నెట్టింది.

దిండ్లకు ఆనించి కూర్చోబెట్టినవాడు కూర్చోబెట్టినట్టే ఉన్నాడు పెద్దాయన. ఒళ్లో దుప్పటి గుడారంలా లేచి ఉంది. దాని కిందినుంచి నీలం వెలుగు ఆయన గడ్డం మీద పడుతోంది. మంచానికి బిగించిన ప్లగ్గుల పెట్టెనుంచి, ఆయన పాత ఫోన్ ఛార్జర్ తీగ ఆ దుప్పట్లోకి పోయింది. ఆయన తెరకేసి చూస్తూ నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. పెదవులు వంకర పోతున్నాయి. మెడ నరాలు తాళ్లలా లేచాయి. చప్పుడు మాత్రం లేదు. తెర మీద ఎవరో ఒకావిడ, పెద్ద పెద్ద పెదాలు, గొంతు పూర్తిగా తగ్గించి ఉంది. పెదవులు ముందుకు సాచి, వెనక్కి లాగి, మళ్లీ ముందుకు సాచి చూపిస్తోంది. మాట పోయినవాళ్లకు మాట నేర్పే పాఠం అది.

కత్తెర ఆమె చేతిలోంచి జారి ఠంగుమని నేల మీద పడింది.

ఆయన తలెత్తాడు. ఆ చూపు, రెండేళ్లుగా కప్పు మీదా గోడ మీదా ఆనీ ఆనకుండా తిరిగిన ఆ చూపు, సూటిగా వచ్చి ఆమె ముఖం మీద ఆగింది. తప్పు చేస్తూ దొరికిపోయిన మనిషి చూపు. అందులో మనిషి ఉన్నాడు.

ఆమె తలుపు లాగేసి నడవలో చతికిలపడింది. సంతోషించాలని కూడా తోచలేదు. ముందుగా గుర్తొచ్చింది ఆడపడుచు గొంతు వెక్కిరించడం. ఆయన సొంత కూతురు! తర్వాత గురక. తర్వాత అల్మారా తలుపు చాటున చీర మార్చుకుంటూ తన లావు మీద తనే వేసుకున్న జోకులు. ఒకదాని వెనక ఒకటి, ఏ రోజు అన్న మాటలు ఆ రోజు కట్టలు తెగినట్టు వచ్చి మీద పడ్డాయి. అన్నిటికంటే కింద ఉన్నది చివర్న వచ్చింది. మీరు పోతే నేను ఏడవను.

ఎంతసేపు అలా కూర్చుందో తెలియదు. కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లింది.

"మామయ్యా, నేను మాట్లాడేది మీకు తెలుస్తోందా?"

ఎడమ చెయ్యి కదిలింది. కండరం దానంతటదే కదలడం కాదు. బొటనవేలు తెర మీద ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ పోయింది. ఒత్తులు పెట్టడం ఆ వేలికి చేతకాలేదు. "తెలుసు."

"మొదట్నుంచీనా?"

"కాదు. మొదట మబు. ఏడాదిగా తెలుసు."

ఆ ట్యాబ్లెట్ రిటైరైన రోజున ఆఫీసువాళ్లు కానుకగా ఇచ్చింది. మంచం పక్క సొరుగులో పాత తీగలూ స్క్రూడ్రైవర్ల మధ్య పడి ఉంటే ఎవరూ దాని జోలికి పోలేదు. ఆ సొరుగు ఎడమ చేతికి అందుతుంది. కొత్త పాస్‌వర్డ్ ఆమె ఫోన్‌లో అరిచినప్పుడే విన్నాడు, 'పరదా'కు ఇంగ్లీషు అక్షరాలు కుదరడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.

"ఏడాది! ఏదో ఒక సైగ చెయ్యొచ్చు కదా మామయ్యా!"

"చేయి ఎతితే దుపటిలో పెటారు."

ఆ పెట్టింది తనే. మొన్న కూడా పెట్టింది. గట్టిగా, చుట్టూ బిగించి మరీ.

"మరి ఇది దొరికాకైనా రాసి చూపించొచ్చుగా?"

ఈసారి వేలు చాలాసేపు తెర మీద తారట్లాడింది. ఆమె వంగి చదువుకుంది. "చెపితే నువు మాటాడటం మానేసతావని."

ఆమె మంచం అంచున కూలబడింది. "నేనన్న మాటలు... ఏదో నోరు జారి... ఆ మాటని మనసులో పెట్టుకోకండి మామయ్యా."

"ఏ మాట? చాలా ఉనాయి."

ఏడుపు మధ్యలో ఫక్కుమని నవ్వొచ్చేసింది ఆమెకు. ఆయన ముఖంలో ఎడమ సగం కూడా నవ్వింది. అంతలోనే ఆ నవ్వు పోయి, వేలు మళ్లీ కదిలింది. ఈసారి తొందర తొందరగా.

"ఒకటో తారీకున నను ఆశరమానికి పంపుతాడు. నీకు తెలుసా."

ఆమెకు తెలియదు.

ఆ ఊసు రాకపోలేదు. ఆర్నెల్ల కింద మొగుడు ఇదే మంచం కాళ్ల దగ్గర నిలబడి, ఊరి చివర ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమం ఉందట అన్నాడు. ఆమె ఇంకొన్నాళ్లు చూద్దామంది. అక్కడితో అయిపోయిందనుకుంది. మొగుడు మాత్రం వెళ్లి చూసొచ్చాడు, మంచం ఖాయం చేశాడు, తారీకు కూడా అనుకున్నాడు. పెళ్లాం చెవిన పడకూడదని ఆ ఫోన్లన్నీ ఈ గదిలో తలుపేసుకుని మాట్లాడాడు. ఎవరూ వినని గది అదొక్కటే అని అతని నమ్మకం.

ఒకటో తారీకు ఇంకా తొమ్మిది రోజులుంది.

"అందుకా ఈ పాఠాలు?"

"ఒక మాట చాలు. వదు." ఒత్తు లేకపోయినా ఆమెకు తెలిసిపోయింది. వద్దు. ఆ ఒక్క మాట కోసం ఈ మనిషి రోజూ మధ్యాహ్నం నోరు నొప్పెట్టేదాకా సాధన చేస్తున్నాడు.

"రాసి చూపిస్తే సరిపోయేది కదా మామయ్యా, ఆయన మీ కొడుకే కదా!"

"ఫోను మనిషిని. నోటితో చెపాలని."

ఆరింటికి మొగుడు వచ్చాడు. ఆమె నడవలోనే అడ్డంగా నిలబడింది.

"ఒకటో తారీకున మామయ్యని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

అతని చేతిలోని వ్యాను తాళాలు గలగలలాడాయి. "నీకెవరు చెప్పారు?"

"ఆయనే చెప్పారు."

"ఏంటే, మతి పోయిందా?" అంటూ ఆమెను పక్కకు జరిపి గదిలోకి వెళ్లాడు. వెళ్లినవాడు మంచానికి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. తండ్రి అతన్నే చూస్తున్నాడు. ఒళ్లో తెర వెలుగుతోంది. దాని మీద రాసి ఉంది: "మంచం కిటికీ పకన ఉందా."

అతను ఆ అక్షరాలు రెండోసారి చదివాడు. ఆశ్రమంవాళ్లతో ఫోన్‌లో తను అడిగిన మాట అది. కిటికీ పక్కన మంచం దొరుకుతుందా అని.

"నాన్నా," అన్నాడు. భార్య వైపు తిరిగి, "నువ్వు ఎండిపోతున్నావనే... నువ్వు కూడా మంచం పడితే ఇద్దర్నీ నేను... నాకేం తెలుసే? తెలిసుంటే..." అన్నాడు. ప్రతి మాటా సగంలోనే తెగిపోయింది.

అప్పుడు పెద్దాయన నోరు తెరిచాడు. ట్యాబ్లెట్ పక్కకు తోసి, ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకున్నాడు. ముఖమంతా కందగడ్డయింది. పెదవులు ముందుకు వచ్చాయి, వణికాయి, వెనక్కి పోయాయి. లోపల ఎక్కడినుంచో తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు ఒక చప్పుడు వచ్చింది. "వ్వొ..." అంతే. అది మాట కాదు. కానీ అది దేనికి మొదలో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

మొగుడు గిర్రున తిరిగి బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. కుళాయి నీళ్లు చాలాసేపు పారాయి. బయటికి వచ్చాక హాలు మధ్యలో నిలబడి, వెనక గదికి వినబడేలా, ఆశ్రమానికి ఫోన్ చేశాడు. "మా నాన్న రారండీ. ఆయనకి ఇష్టం లేదు" అని చెప్పాడు.

ఆ తర్వాత అంతా సాఫీగా అయిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. డాక్టరు ముందు నమ్మలేదు. నమ్మాక, "ఒక్కోసారి ఇలా జరుగుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మొగుడు నెల్లాళ్లు తండ్రి కళ్లలోకి చూడలేకపోయాడు. పొద్దున ఒళ్లు తుడిచేటప్పుడు తల వంచుకునే ఉండేవాడు. కోడలు మెట్లెక్కి టీచరమ్మ కాళ్లావేళ్లా పడినంత పని చేసింది. ఆవిడ తలుపు తీసి వినడానికి మూడు సార్లు వెళ్లాల్సి వచ్చింది. విన్నాక మాత్రం నోరెళ్లబెట్టి, కిందికి వచ్చి పెద్దాయనకు అక్షరాలు పెద్దవిగా ఎలా చేసుకోవాలో, ఒత్తులు ఎక్కడుంటాయో నేర్పింది.

టీవీని బాగుచేసింది కూడా ఆయనే. నెల రోజులుగా రూటర్ ఆపడం, వెయ్యడం, సూది గుచ్చడం, తిట్టడం అన్నీ వింటూ ఆయన లోలోపల ఎంత కొట్టుకున్నాడో! "గాలిని నమ్మకు. టీవీకి తీగ వేయి" అని రాశాడు. రూటర్ నుంచి గోడ వెంబడి హాలు చివరిదాకా తీగ లాగి, టీవీ వెనక గూట్లో గుచ్చమన్నాడు. కొడుకు నిచ్చెనెక్కి మేకులు కొడుతుంటే, తలుపు బార్లా తీయించుకుని మంచం మీదినుంచే చేత్తో పైకి, ఇంకా పైకి అని చూపించాడు. ఆ తర్వాత టీవీ ఆగలేదు. ఆయన పాఠాలూ ఆగలేదు.

ఇబ్బందల్లా కోడలికే. వారం రోజులు జావ తాగించింది, పక్క మార్చింది, "నొప్పా? చాలా? ఇంకొంచెమా?" అంతకు మించి ఒక్క మాట లేదు. ఆయన ఏదైతే జరుగుతుందని భయపడ్డాడో అదే జరుగుతోందని ఆమెకు తెలుసు. తెలిసినా నోరు రాలేదు. ఎనిమిదో రోజు ఆయనే రాశాడు. "అలిగావా."

"అలక కాదు మామయ్యా, సిగ్గు."

"మీ ఆడపడుచు మళ్లీ ఫోన్ చేసిందా. ఏమన్నది." కొత్తగా నేర్చిన ఒత్తులు పెట్టి మరీ రాశాడు.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు సన్నం చేసి మొదలుపెట్టింది.

నాలుగు నెలలకు ఆయనకు "వద్దు" వచ్చింది. జావ రెండో గిన్నె పట్టుకొస్తే స్పష్టంగా అన్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. ఏడుస్తూ, నవ్వుతూ మళ్లీ మళ్లీ అనిపించుకున్నారు. ఆ తర్వాత ఇంకో ముప్ఫై నలభై మాటలు వచ్చాయి. ఆయన ఇంకా మూడేళ్లు బతికాడు. పోయినప్పుడు కోడలు అందరికంటే ఎక్కువ ఏడ్చింది.

ఇప్పటికీ ఆమెలో ఆ మధ్యాహ్నపు అదురు పోలేదు. ఈ మధ్య దూరపు చుట్టం ఒకావిడ స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉందంటే చూడ్డానికి వెళ్లింది. మంచం చుట్టూ నలుగురు చేరి, ఇంక లాభం లేదనీ, నగలు ఎవరి దగ్గర ఉన్నాయో ఏమో అనీ మాట్లాడుకుంటున్నారు. ఈమె వాళ్ల భుజాలు పట్టుకుని, "అక్కడ మాట్లాడుకోండి, వరండాలో" అంటూ ఒక్కొక్కరినీ బయటికి పంపింది. తర్వాత స్టూలు దగ్గరికి జరుపుకుని, ఆవిడ చెవి దగ్గర వంగి, తనెవరో చెప్పింది. టైము నాలుగైందని చెప్పింది. బయట వాన మొదలైందని, కిటికీ వేసే ఉందని చెప్పింది.